వేసవిని దాచుకున్న నీరు

1996 సెప్టెంబరు రెండో వారంలో అమెరికా, కెనడా సరిహద్దున ఉన్న మహాసరస్సుల మీదికి ఒక అల్పపీడనం వచ్చి నిలిచింది. అలాంటివి అక్కడికి ఏటా ఎన్నో వస్తాయి. పడమటి నుంచి వచ్చి, ఒకటి రెండు రోజులు వాన కురిపించి, తూర్పుకు సాగిపోతాయి. ఇది మాత్రం తొందరపడలేదు. పై వాతావరణంలో పడమటి గాలుల ప్రధాన ప్రవాహం నుంచి తెగి విడిపోయిన చల్లని సుడి కావడంతో, దాన్ని ముందుకు తోసే గాలి లేక సరస్సుల మీదే తచ్చాడింది. 14వ తేదీకి ఉపగ్రహ చిత్రంలో హ్యూరాన్ సరస్సు మీద మేఘాలు చుట్టలు చుట్టుకున్నాయి. వాటి నడుమ సుమారు 30 కిలోమీటర్ల వెడల్పున ఒక కన్ను తెరుచుకుంది. మచిలీపట్నంలోనో, కళింగపట్నంలోనో పెరిగిన మనిషికి ఆ చిత్రం చూపిస్తే, అక్టోబరులో బంగాళాఖాతంలో లేచిన తుపాను అనే అంటాడు.

కానీ అది సముద్రం కాదు. అట్లాంటిక్ తీరానికి వందల కిలోమీటర్ల లోపల, 45 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర, నలుదిక్కులా నేల ఉన్న మంచినీటి సరస్సు. కేంద్రంలో పీడనం 993 మిల్లీబార్లకు పడిపోయింది. కొన్నిచోట్ల పది సెంటీమీటర్లకు పైగా వాన కురిసింది. ఈ గాలివాన మీద టాడ్ మైనర్, పీటర్ సుసూనిస్, వారి సహచరులు పరిశోధన చేసి 2000లో అమెరికన్ మెటియొరలాజికల్ సొసైటీ బులెటిన్‌లో ప్రచురించారు. ఆ వ్యాసానికి వాళ్లు పెట్టిన పేరు ‘హరికేన్ హ్యూరాన్’. ఆ మాట పత్రికల వాళ్లు వాడితే అతిశయోక్తి అనుకోవచ్చు. వాతావరణ శాస్త్రజ్ఞులు వాడారంటే లోపలికి తొంగి చూడాల్సిందే.

ఉష్ణమండల తుపాను పుట్టాలంటే సముద్రం పైపొర కనీసం 26.5 డిగ్రీల సెల్సియస్ ఉండాలని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. ఆ వారం హ్యూరాన్ నీరు 18 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంది. విశాఖలో ఎవరైనా ఆ నీళ్లలో కాలు పెడితే చటుక్కున వెనక్కి తీసుకుంటారు. అంత చల్లని నీటి మీద తుపాను కన్ను తెరుచుకోవడానికి కావలసిన శక్తి ఎక్కడ నుంచి వచ్చింది?

ఆ నీటిలో నుంచే వచ్చింది. సెప్టెంబరులో, అక్టోబరులో ఆ సరస్సుల ఒడ్డున గాలివాన వస్తే, అది ఎక్కడి నుంచో వచ్చి సరస్సు మీద పడిందని చూసేవాళ్లకు అనిపిస్తుంది. నిజానికి ఆ రుతువులో సరస్సు ఊరికే దెబ్బ తినదు. గాలివానకు బలం ఇచ్చేదీ అదే. బదులుగా దాని నుంచి తనకు కావలసింది తీసుకునేదీ అదే.

ముందు ఆ నీటి పరిమాణం తెలియాలి. సుపీరియర్, మిచిగన్, హ్యూరాన్, ఈరీ, ఆంటారియో అనే ఈ అయిదు సరస్సుల విస్తీర్ణం కలిపి సుమారు 2,44,000 చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్ అంతా అందులో మునిగిపోయి ఇంకా చోటు మిగులుతుంది. ఒక్క హ్యూరానే తెలంగాణలో సగం కంటే పెద్దది. ప్రపంచంలో నేల మీద ద్రవరూపంలో ఉన్న మంచినీటిలో అయిదో వంతు వీటిలోనే ఉంది. సుపీరియర్ అత్యధిక లోతు 406 మీటర్లు. ఈరీ మాత్రం వీటన్నిటిలో లోతు తక్కువది, సగటున 19 మీటర్లే. ఈ రెండు అంకెల మధ్య తేడాను గుర్తుంచుకోవాలి, ముందు ముందు కథంతా దాని మీదే నడుస్తుంది.

నీరు వేడిని మహా నిదానంగా తీసుకుంటుంది, అంతే నిదానంగా వదులుతుంది. ఒక ఘనపు మీటరు నీరు ఒక్క డిగ్రీ చల్లబడితే బయటికి వచ్చే వేడి సుమారు 3,400 ఘనపు మీటర్ల గాలిని ఒక డిగ్రీ వెచ్చబరచడానికి చాలు. ఇదే లెక్కను హ్యూరాన్ మీద వేసి చూద్దాం. పైన ఉన్న పది మీటర్ల పొర ఒక్క డిగ్రీ చల్లబడిందనుకుందాం. దాని నుంచి వచ్చే శక్తి దాదాపు 70,000 కోట్ల యూనిట్ల విద్యుత్తుకు సమానం. మన దేశంలో బొగ్గు, జలవిద్యుత్తు, సూర్యరశ్మి, అణుశక్తి అన్నీ కలిపి ఏడాది పొడవునా తయారుచేసే కరెంటులో ఇది మూడో వంతుకు మించుతుంది. అయిదింటిలో ఒక్క సరస్సు, అందులో పైపొర, అదీ ఒక్క డిగ్రీ. ఈ లెక్క ఎన్నిసార్లు సరిచూసుకున్నా ఒక క్షణం నమ్మబుద్ధి కాదు.

ఏప్రిల్, మే నెలల్లో ఈ నీరు మంచు కరిగిన చలిలోనే ఉంటుంది. పైన గాలి వెచ్చబడుతుంది, నీరు వెచ్చబడదు. జూన్, జూలై ఎండలు పైపొరను నెమ్మదిగా కాస్తాయి. వెచ్చని నీరు తేలిక కాబట్టి పైనే ఉండిపోతుంది, బరువైన చల్లని నీరు అడుగున ఉంటుంది. ఆగస్టుకు ఈ రెండు పొరల మధ్య ఉష్ణోగ్రత హఠాత్తుగా పడిపోయే ఒక హద్దు ఏర్పడుతుంది. సెప్టెంబరు వచ్చేసరికి సూర్యుడు దక్షిణానికి జరిగి, కెనడా ఉత్తర భాగం నుంచి చల్లగాలులు దిగడం మొదలవుతుంది. నేల కొద్ది రోజుల్లోనే చల్లబడుతుంది. సరస్సు చల్లబడదు, మూడు నెలల ఎండ ఇంకా దాని పైపొరలోనే ఉంది. వసంతంలో గాలి కంటే చల్లగా ఉన్న నీరు ఇప్పుడు గాలి కంటే వెచ్చన అయింది. చుట్టూ ఉన్న వాతావరణమంతా ఈ ఒక్క మార్పుతో తారుమారవుతుంది.

నీరు ఆవిరి కావడం సంగతే చూడండి. మనకు ఎండ, ఆవిరి ఒకదాని వెంట ఒకటి వచ్చేవి. చెరువులు ఎండేది ఏప్రిల్, మే నెలల్లో. మహాసరస్సుల నుంచి నీరు ఎక్కువగా ఆవిరయ్యేది మాత్రం శరత్కాలంలో, చలికాలం తొలి నెలల్లో. పైనుంచి పొడిగా, చల్లగా వచ్చే గాలికీ, కింద ఉన్న వెచ్చని నీటికీ తేడా ఎంత ఎక్కువైతే ఆవిరి అంత వేగంగా లేస్తుంది. హ్యూరాన్ నుంచి ఒక్క మిల్లీమీటరు మందాన నీరు లేచినా అది దాదాపు ఆరు కోట్ల టన్నులు. ఆ ఆవిరి నీటి నుంచి తీసుకెళ్లిన వేడి ఎక్కడికీ పోదు. గుప్తోష్ణంగా దానిలోనే దాగి ఉండి, పైన ఆవిరి చల్లబడి మేఘంగా మారే క్షణాన బయటపడుతుంది. దాంతో చుట్టూ ఉన్న గాలి వేడెక్కి ఇంకా పైకి లేస్తుంది. కింద పీడనం ఇంకా తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి పక్కల నుంచి గాలి ఉరికి వస్తుంది, వస్తూ నీటి మీద మరింత జోరుగా వీచి మరింత ఆవిరిని లేపుతుంది.

బంగాళాఖాతంలో హుద్‌హుద్, తిత్లీ లాంటి తుపాన్లను నడిపిన చక్రం కూడా ఇదే. మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన కెర్రీ ఇమాన్యుయెల్ 1980లలోనే తుపానును ఒక ఉష్ణయంత్రంగా చూసి లెక్కగట్టాడు. ఏ ఉష్ణయంత్రానికైనా రెండు కొసలు ఉంటాయి, వేడి కొస ఒకటి, చల్లని కొస ఒకటి. ఆ రెండింటి మధ్య తేడాయే పనిచేయిస్తుంది. ఉష్ణమండలంలో కింద సముద్రం వెచ్చగా ఉంటేనే ఆ తేడా చాలుతుంది, అందుకే 26.5 డిగ్రీల నియమం. హ్యూరాన్ మీద కింద 18 డిగ్రీలే ఉన్నా, తలమీద నిలిచిన సుడి ఉత్తరాది చలిని వెంట తెచ్చింది. తేడా సరిపోయింది. పైగా అది కదలకుండా ఉండడంతో సరస్సు నుంచి వేడి తీసుకోవడానికి దానికి రోజుల వ్యవధి దొరికింది. చివరికి కేంద్రం చుట్టూ ఉన్న గాలి, చలి సుడిగా మొదలైన చోటే, పక్కల గాలి కంటే వెచ్చబడింది. ఉష్ణమండల తుపాను లక్షణం అది.

అయిదు సరస్సులూ విడివిడిగా పనిచేస్తాయని కూడా అనుకోకూడదు. సుసూనిస్, మైకేల్ ఫ్రిట్ష్ 1994లో ప్రచురించిన అధ్యయనంలో కంప్యూటర్ నమూనాలో ఒకసారి సరస్సులను ఉంచి, ఇంకోసారి తీసేసి వాతావరణాన్ని నడిపి చూశారు. చలిగాలి దిగినప్పుడు అయిదూ కలిసి ఒకే పెద్ద వెచ్చని ప్రాంతంగా ఏర్పడి, తమ ఒడ్డులు దాటి దూరంగా ఉన్న వాతావరణాన్ని కూడా మారుస్తాయని తేలింది. నేల మీద సాగిపోతున్న అల్పపీడనం ఈ ప్రాంతానికి వచ్చేసరికి బలపడడం వెనక ఉన్నది ఇదే.

1996 నాటి ఆ సుడి వెళ్లిపోయాక సరస్సు ఉపరితలం కొన్ని డిగ్రీలు చల్లబడి ఉంది. ఇచ్చినదాని లెక్క నీటిలోనే కనిపించింది.

హరికేన్ హ్యూరాన్ అరుదైన సంగతి. ఏటా వచ్చే తొలి శరత్కాలపు గాలివాన ఇంత విచిత్రంగా ఉండదు. అయినా దానిలో సరస్సు చేసే పని తక్కువేం కాదు. పడమటి నుంచి ఒక అల్పపీడనం, దాని వెనక చలిగాలి ముఖం, అంటే దూసుకొచ్చే చలిగాలి ముందంచు. ముందు దక్షిణపు గాలి తేమతో వీస్తుంది, వాన మొదలవుతుంది. చలిముఖం దాటగానే గాలి వాయవ్యానికి తిరిగి, ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడి, అసలు హోరు అప్పుడు మొదలవుతుంది. ఇదే వేగంతో, ఇదే పీడన తేడాతో మే నెలలో గాలి వస్తే సరస్సు మీద అంత ఉధృతి ఉండదు. వసంతంలో చల్లని నీటి మీద ఉన్న గాలి పొర బరువుగా అతుక్కుని ఉంటుంది. పైన ఎంత జోరున వీస్తున్నా ఆ జోరు కిందికి దిగదు. సెప్టెంబరులో వెచ్చని నీటి మీద గాలి కింది నుంచి మరుగుతూ పైకి లేస్తుంది, లేచినచోటికి పైగాలి తన వేగంతో సహా దిగుతుంది. నేల మీద చెట్లు, ఇళ్లు ఆ వేగాన్ని కొంత తినేస్తాయి. నీటి మీద అడ్డు లేదు. ఊళ్లో మోస్తరుగా అనిపించిన గాలి రేవు దాటేసరికి పడవను తలకిందులు చేసేంతది అవుతుంది. వాతావరణ కేంద్రం నేల మీద కొలిచిన గాలి అంకె చూసి సరస్సులోకి బయలుదేరడం ప్రమాదం అనేది ఇందుకే.

కెరటాల ఎత్తును గాలి వేగం, అది ఎంతసేపు వీచింది, ఎంత దూరం నీటి మీద సాగింది అన్నవి మూడూ కలిసి నిర్ణయిస్తాయి. సముద్రంలో ఆ దూరానికి కొదవ లేదు కాబట్టి కెరటాలు పొడవుగా సాగి వస్తాయి. సరస్సులో దూరం కొంతే, అందువల్ల కెరటాలు దగ్గరదగ్గరగా, నిలువుగా లేస్తాయి. ఓడ ఒక కెరటం ఎక్కి దిగి సర్దుకునేలోపే రెండోది వచ్చి పడుతుంది. 2017 అక్టోబరు 24న సుపీరియర్ సరస్సులో మార్క్వెట్ దగ్గర నీటి మీద తేలే కొలత పరికరం, బోయా, 8.8 మీటర్ల కెరటాలను నమోదు చేసింది, మూడంతస్తుల మేడ ఎత్తు దాదాపు అంతే. శరత్తు ముదిరే కొద్దీ ఈ ఉగ్రత పెరుగుతుంది. 1913 నవంబరు గాలివానలో పన్నెండు ఓడలు మునిగి, 250 మందికి పైగా చనిపోయారు. 1975 నవంబరు 10న సుపీరియర్‌లో ఎడ్మండ్ ఫిట్జెరాల్డ్ అనే పెద్ద సరుకు ఓడ 29 మంది సిబ్బందితో సహా మునిగింది, ఒక్కరూ బతకలేదు.

సెప్టెంబరు చివరి చలిగాలులకు ఇంకో వింత కూడా తోడవుతుంది. వెచ్చని నీటి మీద గాలి వేగంగా లేచేచోట సన్నని సుడులు మేఘం అడుగు నుంచి నీటిదాకా నిలువుగా దిగుతాయి. 2020 సెప్టెంబరు 28 నుంచి అక్టోబరు 4 వరకు, ఒక్క వారంలో, ఈ సరస్సుల మీద ఇలాంటివి 200 కు పైగా నమోదయ్యాయి. వాన సంగతికొస్తే, సరస్సు నీటికీ, ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తులోని గాలికీ మధ్య తేడా 13 డిగ్రీలకు చేరితే సరస్సే సొంతంగా మేఘాల బారులు కట్టగలదని అక్కడి వాతావరణ కేంద్రాలు లెక్కపెట్టుకుంటాయి. డిసెంబరులో బఫెలో నగరాన్ని మనిషి లోతు మంచులో ముంచేది ఈ మేఘాలే. సెప్టెంబరులో అవి వానగా కురుస్తాయి. గాలివాన దాటిపోయిందని అందరూ అనుకున్నాక, ఒక ఒడ్డున ఎండ కాస్తుంటే ఎదుటి ఒడ్డున జల్లులు రోజంతా ఆగకుండా పడుతుంటాయి.

ఇప్పుడు ఈరీ దగ్గరికి వద్దాం. నాకు ఈ అయిదింటిలో ఎక్కువ ఇష్టమైన సరస్సు ఇది, కారణం దాని లోతు తక్కువ కావడమే. నైరుతి నుంచి ఈశాన్యానికి 388 కిలోమీటర్ల పొడవు. గాలివాన గాలి తరచుగా వీచే దిక్కూ అదే. గాలి నీటి ఉపరితలాన్ని ఒరుసుకుంటూ తోస్తే నీరు ఎదుటి కొసన పోగవుతుంది. ఎంత పోగవుతుందన్నది లోతు మీద ఆధారపడుతుంది. లోతైన సరస్సులో పైన తోసిన నీరు అడుగు నుంచి సులభంగా వెనక్కి వచ్చేస్తుంది. ఈరీలో ఆ దారి ఇరుకు. అందుకని గట్టి నైరుతి గాలి కొన్ని గంటలు వీస్తే తూర్పు కొసన బఫెలో దగ్గర నీటిమట్టం రెండు మీటర్లకు పైగా ఎక్కి, అదే సమయంలో పడమటి కొసన టొలీడో దగ్గర అంతే మేర దిగిపోయిన సందర్భాలు ఉన్నాయి. టొలీడో వైపు రేవులో పడవలు బురదలో ఒరిగిపోతే, బఫెలో వైపు వీధుల్లోకి నీళ్లు వస్తాయి. పోటు, పాటు లేని నీటిలో ఇది జరగడం చూసినవాళ్లకు కలిగే భయం ఊహించుకోవచ్చు. 1844 అక్టోబరు 18 రాత్రి ఇలాంటి గాలికి నీరు ఒడ్డున ఉన్న అడ్డుగోడ దాటి బఫెలోలోకి వచ్చి పదుల సంఖ్యలో మనుషులను బలి తీసుకుంది.

గాలి ఆగితే కథ ముగియదు. పళ్లెంలో నీళ్లు పోసి ఒక పక్కకు ఎత్తి దించితే అవి అటూ ఇటూ ఊగినట్టు, పోగైన నీరు వెనక్కి పరుగెత్తి, ఎదుటి కొస దాకా పోయి, మళ్లీ తిరిగి వస్తుంది. స్విట్జర్లాండుకు చెందిన ఫ్రాన్స్వా ఆల్ఫోన్స్ ఫొరెల్ జెనీవా సరస్సులో ఈ ఊగులాటను ఏళ్ల తరబడి కొలిచి, దాని నియమాలు పట్టుకున్నాడు. సరస్సుల శాస్త్రానికి ఆద్యుడు ఆయనే. జెనీవా సరస్సు ఒకసారి ఊగడానికి గంటా పావు పడుతుంది. ఈరీ సంగతి మనమే లెక్కకట్టవచ్చు: సరస్సు పొడవును రెట్టింపు చేసి, లోతును గురుత్వ త్వరణంతో హెచ్చవేయగా వచ్చిన దాని వర్గమూలంతో భాగిస్తే చాలు. దాదాపు 16 గంటలు వస్తుంది. కొలిచి చూస్తే 14 గంటల దగ్గర ఉంటుంది, ఎందుకంటే సరస్సు అడుగు మనం అనుకున్నంత చదును కాదు. అయినా ఒక స్కూలు విద్యార్థి కాగితం మీద వేయగలిగే లెక్క 388 కిలోమీటర్ల నీటికి ఇంత దగ్గరగా రావడం చూస్తే, భౌతికశాస్త్రం మీద ప్రేమ పుట్టకుండా ఉంటుందా?

పైన కనిపించే ఊగులాట కంటే పెద్దది లోపల జరుగుతుంది. వెచ్చని పొర, చల్లని పొర మధ్య ఉన్న హద్దు కూడా గాలికి ఒరుగుతుంది. ఆ రెండు నీళ్ల సాంద్రతలో తేడా బహు స్వల్పం కాబట్టి, పైన నీటిమట్టం అరచేతి మందం మారితే లోపలి హద్దు మీటర్ల కొద్దీ మారగలదు. గాలి వీచిన దిక్కున వెచ్చని నీరు లోతుగా దిగుతుంది, వెనక ఒడ్డున అడుగు నీరు పైకి వస్తుంది.

ఆ అడుగు నీటిలో ఏముందన్నది ఈరీకి ప్రాణసంకటమైన ప్రశ్న. వేసవి పొడవునా పైపొరలో నాచు పెరిగి, చచ్చి, అడుగుకు రాలుతుంది. దాన్ని కుళ్లబెట్టే బాక్టీరియా అడుగు నీటిలోని ఆక్సిజన్ వాడుకుంటుంది. పొరల మధ్య హద్దు మూత పడినట్టు ఉండడం వల్ల పైనుంచి కొత్త ఆక్సిజన్ దిగదు. ఈరీ మధ్యభాగంలో అడుగు పొర పలచనిది, దానిలో నిల్వ ఉన్నది కొంచెమే. ఆగస్టు, సెప్టెంబరు నాటికి అది అయిపోతుంది, చేపలు బతకలేని ప్రాంతం వేల చదరపు కిలోమీటర్లలో పరుచుకుంటుంది. కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు చేపల, రొయ్యల చెరువులు చేసేవాళ్లకు ఇది వివరించనక్కర్లేదు. గాలి ఆడకుండా మబ్బు పట్టిన రోజు తెల్లవారుజామున చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలుతుంటే, ఏరియేటర్లు వేసి నీటిని చిలకడానికి వాళ్లు పరుగెత్తడం ఏటా ఉన్నదే. ఈరీలో ఆ పని చేయగల యంత్రం లేదు. చేసేది సెప్టెంబరు గాలివానే.

అయితే ఆ పని ఒక్కసారిగా జరగదు. మొదటి గాలి తరచు సగమే చేసి పోతుంది. అడుగు నీటిని ఒడ్డుకు లేపుతుంది కానీ పైనీటితో కలపలేదు. 2012 సెప్టెంబరు మొదట్లో ఈరీ ఉత్తర తీరాన, ఆంటారియో రాష్ట్రంలో, పదుల కిలోమీటర్ల పొడవునా వేలకు వేలు చచ్చిన చేపలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. ఎవరో విషం కలిపారన్న అనుమానాలు వచ్చాయి. అధికారులు ఇచ్చిన వివరణ ఏమంటే, గాలికి ఆక్సిజన్ లేని అడుగు నీరు ఉన్నట్టుండి పైకి వచ్చిందని, తప్పించుకునే దారి లేక చేపలు చచ్చాయని. దక్షిణపు ఒడ్డున క్లీవ్‌లాండ్ లాంటి నగరాలకు తాగునీరు తీసుకునే గొట్టాలు సరస్సులో మునిగి ఉంటాయి. ఆ అడుగు నీరు వాటి మూతి దగ్గరికి వచ్చినప్పుడు, అడుగు మట్టి నుంచి కరిగిన మాంగనీసు దానితో పాటు వచ్చి నీటి రంగు మారుతుంది. శుద్ధి కేంద్రాల్లో పనిచేసేవాళ్లు ఆగస్టు నుంచి గాలి దిక్కు చూసుకుంటూ ఉండాల్సి వస్తుంది.

ఆ తరువాత రెండోదో మూడోదో గాలివాన వస్తుంది. ఈ మధ్యలో పైపొర వేడిని గాలికి ఇచ్చి ఇచ్చి చల్లబడి ఉంటుంది, దాని ఉష్ణోగ్రత అడుగు నీటికి చేరువ అవుతుంది. రెండింటి సాంద్రత దాదాపు సమానమైన రోజున ఒక బలమైన గాలి చాలు. హద్దు చెదిరిపోయి, పైనుంచి అడుగుదాకా నీరంతా ఒకటిగా కలుస్తుంది. నెలల తరబడి గాలి సోకని అడుగుకు కొద్ది గంటల్లో ఆక్సిజన్ చేరుతుంది. అడుగున పేరుకున్న పోషకాలు పైకి వస్తాయి. ఈరీలో ఇది సాధారణంగా సెప్టెంబరు, అక్టోబరుల్లో జరుగుతుంది. లోతైన సుపీరియర్‌లో నవంబరు, డిసెంబరు దాకా ఆగాలి. గాలివానకు వేడిని ఇచ్చిన సరస్సు ఊపిరి తీసుకునేది ఆ వేడి పోగొట్టుకోవడం వల్లనే. ఒడ్డున ఉన్నవాళ్లకు అది చెట్లు విరిగిన రోజు, కరెంటు పోయిన రాత్రి. నీటి అడుగున ఉన్న జీవులకు అదే ఆ ఏటి గండం గట్టెక్కిన రోజు.

మరి వాన? సరస్సు మట్టాన్ని ఒక గాలివాన పెద్దగా మార్చలేదు, అంత విస్తీర్ణంలో పది సెంటీమీటర్లు పది సెంటీమీటర్లే. వాన ప్రాణాలు తీసేది సరస్సులోకి దిగే నదుల దగ్గర. 1954 అక్టోబరు 15న హేజెల్ హరికేన్ అవశేషం ఒక చలిముఖంతో కలిసి టొరంటో మీదికి వచ్చినప్పుడు అంతకు ముందే వానలకు నేల నానిపోయి ఉంది. బ్రాంప్టన్ ప్రాంతంలో 200 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. ఆ నీరు ఆంటారియో సరస్సు వైపు దిగే హంబర్ నదిలోకి చేరింది. ఒడ్డున ఉన్న రేమోర్ డ్రైవ్ అనే వీధి ఆ రాత్రి కొట్టుకుపోయి అక్కడే 35 మంది చనిపోయారు, ఆంటారియో అంతటా 81 మంది. ఆ తరువాత అక్కడి ప్రభుత్వాలు చేసిన పని నాకు ఎప్పటికీ గౌరవం కలిగిస్తుంది. నదీలోయల్లో ముంపు నేలలను కొని, ఇళ్లు కట్టనివ్వకుండా ఆపి, పార్కులుగా వదిలేశారు. ఈ రోజు బ్రాంప్టన్‌లో, మిస్సిసాగాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సాయంత్రం నడకకు వెళ్లే పచ్చని లోయల్లో చాలా భాగం ఆ నిర్ణయం వల్ల మిగిలినవే.

మన దగ్గర, 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ వైపు ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఆ బుడమేరు దిగేది కొల్లేటిలోకి. కొల్లేరుకు లోతు లేదు, సగటున ఒకటి రెండు మీటర్లు. అది వేసవిని దాచుకోలేదు, గాలివానకు బలం ఇవ్వలేదు, గాలి తగిలినా పొరలు విడివడి కలిసేంత నీరు దానిలో లేదు. అది చేయగల ఒకే ఒక పని వచ్చిన వరదను పరుచుకుని నిలిపి, ఉప్పుటేరు మీదుగా నెమ్మదిగా సముద్రానికి పంపడం. ఆ పనికి కావలసింది చోటు. ఆ చోటును చెరువుల గట్లతో, వాగు పొడవునా కట్టిన ఇళ్లతో ఆక్రమించి, ఆ తరువాత వానను తిట్టడం న్యాయం కాదు.

మహాసరస్సుల్లో మారుతున్నది వేరు. జే ఆస్టిన్, స్టీవ్ కోల్మన్ 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 1979 నుంచి 2006 మధ్య సుపీరియర్ వేసవి ఉపరితల ఉష్ణోగ్రత సుమారు 2.5 డిగ్రీలు పెరిగింది, చుట్టూ ఉన్న గాలి కంటే వేగంగా. చలికాలపు మంచు తగ్గడంతో నీరు ముందుగానే ఎండను తాగడం మొదలుపెడుతుంది, పొరలు ముందే విడిపోతాయి. వేసవి ముందే మొదలై ఆలస్యంగా ముగిస్తే అడుగు నీరు మూత కింద ఎక్కువ రోజులు ఉంటుంది. ఈరీకి అది ప్రత్యేకించి చెడ్డ కబురు. శరత్తులో గాలికి ఇవ్వడానికి నీటి దగ్గర వేడి కూడా ఎక్కువగా ఉంటుంది.

ఈ మార్పును లెక్కగట్టాలంటే గాలి, కెరటం, నీటి ఉష్ణోగ్రత కొలిచే బోయాలు సరస్సు నడుమ ఉండాలి. వేసవిలో అవి ఉంటాయి కూడా. కానీ మంచు గడ్డకట్టి వాటిని విరగ్గొట్టకుండా అక్టోబరు చివరి నుంచి ఒక్కొక్కటే ఒడ్డుకు లాగేస్తారు, మళ్లీ వసంతంలో దించుతారు. 1913 నాటి, 1975 నాటి గాలివానలు వచ్చిన నవంబరులో, సుపీరియర్ నీరు పైనుంచి అడుగుదాకా కలిసే వారాల్లో, నడి సరస్సులో పరికరాలు అన్నిటికంటే తక్కువగా ఉంటాయి.